ఐదు నిమిషాల తీసివేత

సాన్ లీనో విమానాశ్రయంలో రాడార్ లేదు. పెట్టిస్తామని మూడు ప్రభుత్వాలు మాటిచ్చాయి. మూడో ప్రభుత్వం అందుకోసం ఒక గదికి సున్నం కూడా కొట్టించింది. ఇప్పుడు ఆ గదిలో చీపుళ్ళు పెడుతున్నారు. కాబట్టి ఆకాశంలో ఎవరెక్కడున్నారో ఎవరికి వాళ్ళే రేడియోలో చెప్పాలి, టవర్‌లో కూర్చున్న దెల్సీ ఒహోపి వినాలి, విన్నదాన్నిబట్టి ఎవరు ముందు దిగాలో, ఎవరు ఆగాలో తేల్చాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. ఆమె చేతిలో ఒక మైకు, పెద్ద విమానాల రేడియోకి ఇంకో మైకు, ఎదురుగా ఒక గోడ గడియారం, మాటలు రికార్డు చేసే టేపు, పెన్సిలుతో రాసుకునే కాగితపు చీటీలు. ఇంతే సరంజామా.

దెల్సీకి నలభై నాలుగేళ్ళు. రొట్టెల దుకాణం వెనక రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళందరూ పైలట్లే, పైలట్ల మాట ఎంతవరకు నమ్మాలో వృత్తిరీత్యా ఆమెకి తెలుసు.

సాన్ లీనో ఉన్న బేనీ మైదానంలో బతకడం తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, అక్కడ సంవత్సరంలో నాలుగు నెలలు రోడ్లు నీళ్ళ కింద ఉంటాయి. మిగిలిన కాలంలో కూడా పశువుల మంద ఉన్న ఏ దొడ్డికి వెళ్ళాలన్నా ఒంటి ఇంజిను విమానమే గతి. జ్వరమొచ్చిన పిల్లా, కోసిన ఎద్దు మాంసమూ, జున్ను గంపలూ, పంతులమ్మా అందులోనే వస్తారు. ఆగస్టు, సెప్టెంబరు వస్తే గడ్డి తగలబెడతారు. ఆ రెండు నెలలూ ఆకాశం మురికి పాల రంగులో ఉంటుంది. అరకిలోమీటరు అవతల ఏముందో కనపడదు.

పొగ కాలానికి ఒక నియమం ఉంది. ఊరికి ఉత్తరాన కొంగల మడుగు. ఏ దిక్కునుంచి వచ్చిన విమానమైనా ఆ మడుగు మీదికి వచ్చి, అక్కణ్ణుంచి తిన్నగా రన్‌వేకి దిగాలి. మడుగుకీ రన్‌వేకీ మధ్య ఒకే ఒక్క విమానం ఉండాలి. మడుగు మీదున్నానని ఎవరు ముందు చెబితే వాళ్ళు ముందు దిగుతారు. మిగతావాళ్ళు పావుగంట గాల్లో గుండ్రంగా తిరుగుతూ పెట్రోలు తగలేసుకోవాలి. వెనక సీట్లు పీకేసిన చోట మాంసం వాసన మొదలవుతుంది.

కాబట్టి అందరూ ముందే చెప్పేసేవాళ్ళు. మడుగు ఇంకా కనుచూపు మేరలో లేకుండానే మడుగు మీదున్నానని చెప్పడం సాన్ లీనో పైలట్ల ఆచారం. దీన్ని మోసం అనడం రాజధానిలో కుర్చీ ఉన్నవాళ్ళకి సులువు. అందరికీ తెలిసిన అబద్ధం ఎవరినీ మోసం చెయ్యదు, అది ఒక కొలత మాత్రమే. దర్జీ చెప్పిన బుధవారాన్ని మనం శనివారంగా లెక్క కట్టుకోమూ? ఇదీ అంతే.

దెల్సీకి ఈ పని నేర్పిన ముసలాయన, దోన్ అనక్లేతో, మొదటి రోజే చెప్పాడు. "ముందు పేరు విను తల్లీ. టైము తర్వాత." ఎవరు చెప్పినదానికంటే ఎన్ని నిమిషాలు ఆలస్యంగా మడుగు చేరతారో, ఎవరి మాటలోంచి ఎంత తీసెయ్యాలో, ఆ తీసివేతలన్నీ ఆయన ఆమెకి అప్పజెప్పి పోయాడు. ముసలి ఎగ్వెస్‌కి సున్నా; ఆయనకి తొందర లేదు, ఇంటికి వెళితే భార్య ఉంటుంది. తర్వాత వచ్చిన కుర్రవాళ్ళవి ఆమే కట్టుకుంది, లిదర్ అంతెలోకి ఒక నిమిషం. రుబేర్ మెల్గార్‌కి ఐదు.

ఐదు అంటే ఎవరికీ లేని ఘనత. రుబేర్‌ని ఊళ్ళో సగం మంది 'ఐదు నిమిషాలు' అనే పిలిచేవాళ్ళు. మనిషి లావు, నవ్వు ఇంకా లావు. దెల్సీ అతనికి కొమాద్రె, అంటే అతని కూతురు లుద్‌మీలాని బాప్తిస్మంలో ఎత్తుకున్న జ్ఞానతల్లి. ఆ బంధం వాళ్ళలో తోబుట్టువుకి తక్కువ కాదు. ఆదివారాలు దెల్సీ భోజనం వాళ్ళింట్లోనే.

ఆ సెప్టెంబరులో ఒక ఆదివారం రుబేర్ భార్య నోర్మిందా చెక్క రోట్లో ఎండు మాంసమూ, అరటికాయా వేసి మసాకో దంచుతోంది. రుబేర్ పక్కన కూర్చుని చల్లటి మొక్కజొన్న నీళ్ళు తాగుతున్నాడు. బీరు కాదు. జూలైలో ఒక పాస్టరు అతన్ని నదిలో ముంచి లేపాడు. లేచిన వారం బీరు మానేశాడు, తర్వాతి వారం పేకాట.

"కొమాద్రె," అన్నాడు, "రేపటి నుంచి నా ఐదు నిమిషాలు తియ్యకు."

"ఏ ఐదు నిమిషాలు?" అంది దెల్సీ. ఇలాంటివి పైకి ఒప్పుకోకపోవడం మర్యాద.

"నంగనాచి వేషాలెయ్యకు. పద్దెనిమిదేళ్ళ నుంచీ తీస్తున్నావు. ఇక మీదట నేను మడుగు మీదున్నానంటే మడుగు మీదున్నట్టే."

"అయితే రోజూ ఆఖర్న దిగుతావు. మాంసం కంపు కొడుతుంది."

"కొట్టనీ."

నోర్మిందా రోకలి ఆపింది. "పాస్టరు రేడియో ఊసే ఎత్తలేదు, ఈయనే తవ్వి తీశాడు. బీరు పోయింది, పేక పోయింది. ఇది కూడా పోతే చీకట్లో నా మొగుడెవరో ఎట్లా గుర్తుపట్టనే తల్లీ?"

అందరూ నవ్వారు. రుబేర్ కూడా నవ్వాడు. అతను చేసిన పొరపాటు అదొక్కటే. కానీ నవ్వకుండా ఒక్క ముక్క చెప్పడం అతనికి చేతకాదు. తండ్రి చావు కబురు కూడా నవ్వుతూనే చెప్పి, తర్వాత గోడకి ఆనుకుని ఏడ్చిన మనిషి.

"నాన్న నాకు కూడా మాటిచ్చాడు, మద్రీనా," అంది, జ్ఞానతల్లిని పిలిచే పిలుపుతో, పదకొండేళ్ళ లుద్‌మీలా.

"నువ్వు రేడియోలో నిజం చెప్పిన రోజు నేను టవర్ మీంచి దూకుతాను, ఫో," అంది దెల్సీ రుబేర్‌తో, ఇంకో ముద్ద తీసుకుంటూ.

సోమవారం రుబేర్ ఎగరలేదు. ఇంజిను దగ్గుతోందని మెకానిక్కు బుధవారం దాకా విప్పి పెట్టాడు. అందుకని రుబేర్ మాట నిజమో కాదో చూసుకునే అవకాశం దెల్సీకి రాలేదు. గురువారం పొద్దున్నే అతను ఒక దొడ్డికి వెళ్ళి, మాంసం ఎక్కించుకుని, ఒంటరిగా తిరిగి వస్తున్నాడు. పొగ ఆ సంవత్సరంలోకెల్లా దట్టంగా ఉంది. టవర్ అద్దాల్లోంచి చూస్తే రన్‌వే అవతలి కొస కూడా కనపడటం లేదు.

తొమ్మిదీ పదమూడుకి లిదర్ అంతెలో పిలిచాడు, తొమ్మిది సున్నా ఆరు నంబరు విమానంలోంచి. నది దాటించే పంటు రేవు మీదున్నాననీ, పదిహేను వందల అడుగుల ఎత్తులో ఉన్నాననీ. పంటు రేవు నుంచి మడుగుకి మూడు నిమిషాలు. లిదర్‌కి ఒక నిమిషం తీసివేత. అంటే తొమ్మిదీ పదిహేడుకి అతను మడుగు మీదికి వస్తాడు.

తొమ్మిదీ పద్నాలుగుకి రుబేర్ తన విమానం నంబరు చెప్పి పిలిచాడు. "సాన్ లీనో, ఎనిమిది మూడు ఒకటి. మడుగు మీదున్నాను. పదిహేను వందలు. నిజంగానే."

దెల్సీ పెదవుల మీదికి నవ్వొచ్చింది. పెన్సిలు తనంతట తానే పనిచేసింది. పద్నాలుగుకి ఐదు కలిపితే పంతొమ్మిది. లిదర్ వెళ్ళిపోయిన రెండు నిమిషాలకి రుబేర్ వస్తాడు. చక్కగా సరిపోయింది. ఇంతకంటే దగ్గరగా కూడా వందసార్లు సరిపెట్టింది.

"తొమ్మిది సున్నా ఆరు, మీరు ఒకటి, తిన్నగా రండి. ఎనిమిది మూడు ఒకటి, మీరు రెండు. మడుగు మీద తిరుగుతూ ఉండండి."

"నేనే ముందొచ్చాను కదా కొమాద్రె," అన్నాడు రుబేర్.

లిదర్ మధ్యలో దూరాడు. "మామా, నువ్వింకా దొడ్డిలో కాఫీ తాగుతున్నావని ఇక్కణ్ణుంచే వాసనొస్తోంది."

"ఇక్కడే తిరుగుతున్నాను," అన్నాడు రుబేర్. ఆ గొంతులో కోపం లేదు. "ఒకటే ఎత్తులో ఉన్నాం. రెండు వేలకి ఎక్కనా?"

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి వచ్చే పెద్ద విమానం రెండో రేడియోలో పొగ ఎంత ఉందని అడిగింది. దెల్సీ ఒక చేత్తో ఆ మైకు అందుకుంటూ రెండో చేతిలోని మైకులో ఒక్క మాట అంది.

"ఆగండి."

పాత రుబేర్ అయితే ఆగేవాడు కాదు. ఎవర్నీ అడక్కుండా ఐదువందల అడుగులు ఎక్కేసి, అక్కడినుంచి పదిహేను వందల్లోనే ఉన్నానని చెప్పేవాడు. ఆ అబద్ధం అతన్ని ఇరవై రెండేళ్ళు బతికించింది. కొత్త రుబేర్ ఆగమంటే ఆగాడు.

తొమ్మిదీ పదిహేడుకి లిదర్ గొంతు కేకగా మారి తెగిపోయింది.

లిదర్ ఎడమ చక్రం ఊడిపోయిన విమానాన్ని రన్‌వే పక్క గడ్డిలో ఈడ్చుకుంటూ దింపి, రెండు పక్కటెముకలు విరిగి బయటపడ్డాడు. రుబేర్‌ని మడుగులోంచి తియ్యడానికి మధ్యాహ్నమైంది.

ఆ సాయంత్రమే స్టేషన్ మేనేజరు దోన్ ఒస్మాన్ దెల్సీ ముందు ఒక కాగితం పెట్టాడు. టైపు చేయించింది ఆయనే. పైలట్ తెలిపిన స్థానం వాస్తవ స్థానంతో సరిపోలి ఉండకపోవచ్చునని అందులో ఒక వాక్యం ఉంది. ఆమె చదివింది. ప్రతి పొగ కాలంలోనూ, ప్రతి పైలట్ గురించీ, రోజుకి ఇరవైసార్లు నిజమైన వాక్యం అది. సంతకం పెట్టింది.

మర్నాడు ఊరి రేడియోలో ఆ వాక్యాన్ని చదివారు.

నోర్మిందా పాత చర్చి ఆచారం ప్రకారం తొమ్మిది రోజుల ప్రార్థన పెట్టింది. పాస్టరు దగ్గర చేరిన రుబేర్ బతికుంటే ఒప్పుకునేవాడు కాదు గానీ, చచ్చినవాళ్ళ అభిప్రాయం ఎవరడుగుతారు? తొమ్మిదో రోజు నోర్మిందా వంటింట్లో దెల్సీ జున్ను రొట్టెలు పళ్ళేల్లో సర్దుతుంటే లుద్‌మీలా వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"బళ్ళో నన్ను ఐదు నిమిషాలు అంటున్నారు."

"వాళ్ళ నోళ్ళు పడిపోను. ఎవరా అనేది?"

"అందరూ. మద్రీనా, నాన్న ఆ రోజు కూడా చెప్పాడా?"

"ఏంటమ్మా?"

"అబద్ధం."

"లేదు," అంది దెల్సీ.

"మరి రేడియోలో చదివిన కాగితం మీద నీ సంతకం ఎందుకుంది?"

దెల్సీ ఇంకో పళ్ళెం దగ్గరికి లాక్కుంది. పిల్ల ఒక రొట్టె తీసుకుని తింటూ వెళ్ళిపోయింది. ఆ తినడం దెల్సీని ఏడుపుకంటే ఎక్కువ బాధపెట్టింది.

రాజధాని నుంచి విచారణ కమిటీ వారం తర్వాత రావాలి. ఆలోగా తను సంతకం పెట్టిన వాక్యాన్ని చెరిపెయ్యాలి. ఇకనుంచి దెల్సీకి కావలసింది ఇదొక్కటే. రుబేర్ ఆ రోజు నిజమే చెప్పాడని ఒక కాగితం మీద, ఒక ముద్ర కింద రావాలి. అందువల్ల తన ఉద్యోగం పోతే పోనీ. జైలంటే మాత్రం భయం. అయినా సరే అనుకుంది.

దోన్ ఒస్మాన్‌కి చెప్పింది. ఆయన పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు.

"నీకు పిచ్చెక్కిందా దెల్సీ? ఆ పొద్దున గనక అతను మడుగు మీదే ఉంటే, లిదర్‌ని అతని మీదికి తోలింది ఎవరు?"

"నేనే."

"అది గట్టిగా అనకు. ఈ గోడల్లో సున్నం తప్ప ఏమీ లేదు, అవతలికి వినపడుతుంది."

"నేనే తోలాను, దోన్ ఒస్మాన్. ఇంకెవరు తోల్తారు? టవర్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను."

ఆయన తలుపు మూశాడు.

సాక్ష్యం కావాలి. ఎవరూ చూసి ఉండరు, ఆ పొగలో కొంగలకే ఒకదానికొకటి కనపడవు. కానీ మడుగులో రోజూ దోనె వేసుకుని చేపలు పట్టే ముసలమ్మ ఒకతె ఉంది, దోన్యా అసూంతా నోసా. దెల్సీ ఆమెని వెతుక్కుంటూ వెళ్ళింది. ముసలమ్మ ఒడ్డున కూర్చుని చేప పొలుసు గీకుతోంది.

"ఆ రోజు ఏమైనా విన్నారా అమ్మమ్మా?"

"వినకేం? రెండు చుట్లు తిరిగాడు. మూడోది తిరుగుతుండగా ఇంకోటొచ్చింది. తర్వాత నీళ్ళు పడ్డాయి నా మీద."

దెల్సీ అక్కడే బురదలో కూర్చుండిపోయింది. "రెండు చుట్లు తిరిగింది ఒకటే విమానమా?"

"అతనిదే. రుబేర్ ఇంజిను దగ్గుతుంది, బాగుచేశాక కూడా. మా ఆయన దగ్గినట్టే దగ్గేది, పొద్దున పూట మరీను. నలభై ఏళ్ళు విన్నాను, నాకు తెలీదా?"

"ఈ మాట పెద్దవాళ్ళ ముందు చెబుతారా?"

"చేపలు ఎవరు అమ్ముతారు?"

"నేను అమ్మిస్తాను."

"అయితే వస్తా."

కమిటీలో ముగ్గురు. పెద్ద, కర్నల్ బర్రెనెచియా, చెడ్డవాడేం కాదు. వేడికి తట్టుకోలేక మెడ చుట్టూ తడి రుమాలు కట్టుకుని, ముసలమ్మకి లేచి కుర్చీ ఇచ్చాడు. మంచినీళ్ళు పోయించాడు. అంతా అయ్యాక అడిగాడు.

"మీకు వాచీ ఉందా, అమ్మా?"

"ఎందుకు? చేపలకుందా?"

"విమానాన్ని చూశారా?"

"పొగలో ఏం చూస్తాను నాయనా. విన్నాను."

"ఒక్కో చుట్టు ఎంతసేపు పట్టింది?"

ముసలమ్మ ఆలోచించింది. "ఒక చేప ఒలిచేంత."

"ఎంత చేప?"

"అది మీరు పట్టిన చేపనిబట్టి ఉంటుంది," అంది ముసలమ్మ. కమిటీలో కుర్రవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. కర్నల్ నవ్వలేదు. ఆమెకి దండం పెట్టి, కారులో పంపించమన్నాడు. టైపు చేసే అమ్మాయి ఒక్క అక్షరం కొట్టలేదు.

తర్వాత దెల్సీ చెప్పింది. పేరు విని టైము తీసెయ్యడం గురించి, దోన్ అనక్లేతో గురించి, ఒక్కొక్కరి తీసివేత గురించి, అంతా.

"ఇది ఎక్కడ రాసి ఉంది, సెన్యోరా?"

"ఎక్కడా లేదు."

పైలట్లని ఒక్కొక్కరినే పిలిచారు. ఏడుగురూ తాము స్థానం ఎప్పుడూ ఖచ్చితంగానే చెబుతామన్నారు. ముసలి ఎగ్వెస్ ఒక్కడే ఆ ముక్క నిజాయితీగా అనగలిగాడు. లిదర్ పక్కటెముకలకి కట్టుతో వచ్చి, కిటికీ వైపు చూస్తూ అదే అన్నాడు. బయటికొచ్చాక దెల్సీ అతని దారికి అడ్డం నిలబడింది.

"నువ్వు విన్నావురా. పైకి ఎక్కనా అని అడిగాడు. అక్కడ లేనివాడు ఎందుకడుగుతాడు?"

"విన్నాను."

"మరి?"

"మరి ఏంటక్కా? తీసివేతలున్నాయని ఒప్పుకుంటే మా ఏడుగురి లైసెన్సులూ రేపే పోతాయి. దొడ్ల మీద పిల్లలకి జ్వరాలొస్తే ఎవరు తెస్తారు, ఆ కర్నల్ తెస్తాడా?" అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కాఫీ తాగుతున్నావన్నాను మామని. నేను ఆఖర్న అన్న ముక్క అది. నాకు నిద్ర పడుతోందనుకుంటున్నావా?"

దెల్సీ మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఇంక ఒకటే మిగిలింది, లెక్క. ఐదు నిమిషాల అబద్ధం ఆడి ఉంటే రుబేర్ పంతొమ్మిదికి గాని మడుగు చేరడు. గుద్దుకున్నది పదిహేడుకి. అంటే అతను అప్పటికే అక్కడున్నాడు.

కర్నల్ ఓపిగ్గా విన్నాడు. పెన్సిలు తీసుకుని తనూ లెక్క వేశాడు.

"సరే. పద్నాలుగుకి మడుగు మీదున్నానన్నాడు, పదిహేడుకి మడుగు చేరాడు. అంటే ఆ రోజు మూడు నిమిషాల అబద్ధం ఆడాడు."

"ఎప్పుడూ ఐదే," అంది దెల్సీ. అంటూనే తను ఏం వాదిస్తోందో చెవికి వినపడి నోరు మూసుకుంది.

"టేపు నాలుగుసార్లు విన్నాను, సెన్యోరా. 'నిజంగానే' అన్నాడు. నిజం చెప్పేవాడికి ఆ మాటతో ఏం పని? ముప్ఫై ఏళ్ళు ఎగిరాను. రేడియోలో ఆ మాట ఎవరూ అనగా వినలేదు."

"మీకు చెప్పలేదు. నాకు చెప్పాడు."

"అదే అంటున్నాను," అన్నాడు కర్నల్. రుమాలు విప్పి పిండుకున్నాడు. "మీరు చెప్పేది నేను నమ్మాననుకోండి. ఈ టవర్ మూసెయ్యాలి. మిగిలిన ఏడు విమానాలూ ఆపెయ్యాలి. మీ మీద కేసు పెట్టాలి. వర్షాలు రెండు నెలల్లో వస్తున్నాయి. నమ్మకపోతే, ఒక చనిపోయిన మనిషి పొరపాటు చేశాడు. అంతే."

"ఆయన పొరపాటు చెయ్యలేదు."

"ఇంటికెళ్ళి పడుకోండి, సెన్యోరా."

నివేదిక నవంబరులో వచ్చింది. పదకొండు పేజీలు. తీసివేతల ప్రసక్తి లేదు, ముసలమ్మ ప్రసక్తి లేదు. పైలట్ తన అలవాటు ప్రకారం స్థానాన్ని ముందుగా తెలియజేశాడని తొమ్మిదో పేజీలో ఉంది. అలవాటు ఉందని కమిటీకి తెలుసన్నమాట. ఆ అలవాటు ఒక్క శవానికి మాత్రమే ఉంది. దెల్సీకి శిక్ష కూడా దక్కలేదు. ఆమె నడవడిక సంతృప్తికరమని రాశారు.

ఆ పేజీ పట్టుకుని ఆమె నోర్మిందా దగ్గరికి వెళ్ళింది. ఆదివారం కాదు. ఆదివారాలు పిలవడం మానేసి అప్పటికి నెలయింది. నోర్మిందా పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"కొమాద్రె, నేను వాళ్ళకి చెప్పాను. అన్నీ చెప్పాను. ఆయన నిజమే చెప్పాడనీ, నేనే నమ్మలేదనీ. ఎవరూ రాసుకోలేదు."

నోర్మిందా రుబేర్ చొక్కా ఒకటి దులిపి తాడు మీద వేసింది. ఎవరికోసం ఉతికిందో ఆమెకే తెలియాలి.

"వాళ్ళ మీద కోపమొచ్చిందా నీకు?"

"రాదా?"

"అంత మొత్తుకున్నా నమ్మలేదని?"

"అవును."

"ఆయనకి రాలేదు," అంది నోర్మిందా. "టేపు నాకూ వినిపించారు. మూడుసార్లు చెప్పాడు నీకు. గొంతు కూడా పెంచలేదు." చొక్కాకి రెండో క్లిప్పు పెట్టింది. "ఆయన అబద్ధమాడి చచ్చాడనుకుంటే నాకు నిద్ర పడుతుంది, దెల్సీ. తిట్టుకుంటాను, పడుకుంటాను. నువ్వు చెప్పేదే నిజమైతే నేను నా ఇంట్లో, నా చేత్తో నీకు పద్దెనిమిదేళ్ళు అన్నం పెట్టాను. దాన్నేం చేసుకోను? వెళ్ళు."

కొమాద్రె అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. లుద్‌మీలా కిటికీలోంచి చూస్తోంది. దెల్సీ చెయ్యి ఎత్తింది. పిల్ల కిటికీ మూయలేదు, చెయ్యీ ఎత్తలేదు.

దెల్సీ టవర్ మానెయ్యలేదు. వేరే కంట్రోలరు లేడు. కానీ తీసివెయ్యడం మానేసింది. ఎవరు ఎక్కడున్నానంటే అక్కడే ఉన్నట్టు రాసుకుని, పుస్తకంలో ఉన్నట్టుగా పని నడిపింది. తప్పు తెలిసిన మనిషి సరిగ్గా చెయ్యడం మొదలుపెడితే లోకం బాగుపడుతుందని నమ్మేవాళ్ళు మరుసటి ఏడాది ఆగస్టులో సాన్ లీనోలో ఉండి చూడాల్సింది. అందరూ అబద్ధమాడుతున్న ఆకాశంలో ఒక్క మనిషి నమ్మడం మొదలుపెట్టింది. ఆమె నమ్ముతోందని తెలిసి ఇంకా ముందే చెప్పేసి, పది నిమిషాల దూరంలో ఉన్నవాడు ఒకటో నంబరయ్యాడు. నిజంగా మడుగు మీదున్న ముసలి ఎగ్వెస్ నలభై నిమిషాలు తిరిగి, పెట్రోలు చుక్కల మీద దిగాడు. రెండుసార్లు ఇద్దరు ఒకరి రెక్క కింద ఒకరు దూరి వెళ్ళారు. పైలట్లు సంతకాలు చేసి అర్జీ పెట్టుకున్నారు, ఆమెకి మనసు కుదురుగా లేదని. మొదటి సంతకం ఎగ్వెస్‌ది.

దోన్ ఒస్మాన్ ఆమెని కింది అంతస్తులో వాతావరణం బల్ల దగ్గర వేశాడు. రాడార్ గదికి పక్క గది. పైన ఆమె కుర్చీలోకి ఫ్రెదీ అని ఒక కుర్రాడు వచ్చాడు. శిక్షణలో మొదటి ర్యాంకట. రెండో రోజే కిందికి దిగి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, లిదర్‌కి ఎంత తియ్యాలి?"

"ఏమీ తియ్యకు. ఎక్కడున్నావని అడుగు. మళ్ళీ అడుగు. ఒక్కొక్కణ్ణి ఒక్కో ఎత్తులో పెట్టు."

"అట్లా చేస్తే మధ్యాహ్నానికి గాని అందరూ దిగరు కదా."

"దిగకపోతే పోనీ."

ఫ్రెదీ తలూపాడు, పెద్దవాళ్ళ బాధకి ఊపినట్టుగా. వారంలో పైలట్లే అతనికి అన్నీ నేర్పేశారు.

సెప్టెంబరు వచ్చింది. పొగ చిక్కబడింది. దెల్సీ ఉద్యోగం ఇప్పుడు గంటకోసారి వాకిట్లోకి వెళ్ళి ఎంతవరకు కనపడుతోందో చూడటం. నీళ్ళ ట్యాంకు కనపడితే ఎనిమిది వందల మీటర్లు. కబేళా రేకుల కప్పు కనపడితే పదిహేను వందలు. మడుగు ఒడ్డున తాటిచెట్లు కనపడితే నాలుగు వేలు. ఆ పొద్దున ట్యాంకు కూడా లేదు.

పైన టవర్ మాటలు కింద గదిలోని స్పీకర్లో వినపడతాయి. ఆమె లోపలికొచ్చి పుస్తకం తెరిచేసరికి లిదర్ గొంతు వచ్చింది. పక్కటెముకలు అతుక్కుని చాలా కాలమైంది.

"సాన్ లీనో, తొమ్మిది సున్నా ఆరు. మడుగు మీదున్నాను. పదిహేను వందలు. నిజంగానే."

ఎవరో ఇంకో పైలట్ రేడియోలోనే పకపకా నవ్వాడు. ఆగస్టులో ఎవరో మొదలుపెట్టారు, ఇప్పుడు అందరూ అంటున్నారు. ఒక్కొక్కడు ఇరవై కిలోమీటర్ల అవతలినుంచి అంటున్నాడు. రుబేర్ జ్ఞాపకార్థమని వాళ్ళ ఉద్దేశం. అతనంటే వాళ్ళకి నిజంగా ప్రేమే.

"విన్నాను," అన్నాడు పైనుంచి ఫ్రెదీ. అతని గొంతులోనూ నవ్వుంది. "మీరు రెండు."

దెల్సీ పెన్సిలు కింద పెట్టింది. చూడకూడదనుకుంటూనే గోడ గడియారం చూసింది. కిటికీ తెరిచి, పొగలోకి చెవి పెట్టి నిలబడింది. లిదర్ ఇంజిను చప్పుడు ఎంతకీ రాలేదు. వచ్చి, మడుగు వైపునుంచి తిన్నగా ఇటు తిరిగేసరికి ముల్లు నాలుగు గీతలు దాటింది.

లిదర్ తీసివేత ఒకటి నుంచి నాలుగయింది.